హీటింగ్ ఆగిపోయింది, బయట మంచు తుఫాను. తెల్లారేదాకా ఎలా?

వణుకుపురం | రాత్రి 9:42
సాయంత్రం ఆరున్నర నుంచి ఇంట్లో హీటింగ్ రావట్లేదు. బయట మైనస్ 18. ఈదురుగాలి, మంచు. వాకిట్లో కారు ఎక్కడుందో గుట్టను చూసి ఊహించుకోవాల్సిందే. కరెంటు ఉంది, గ్యాస్ ఉంది, స్టవ్ వెలుగుతోంది. ఇల్లంతటికీ వేడిగాలి పంపే గ్యాస్ ఫర్నేస్ మాత్రం గుర్రుమని మొదలవుతుంది, ఓ నిమిషానికి మూగనోము పడుతుంది. థర్మోస్టాట్‌లో 21 పెడితే ఇల్లు 16 చూపిస్తోంది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే రోడ్లు తెరిచాక, అంటే రేపు సాయంత్రానికి వస్తానన్నాడు. ఇంట్లో మామయ్యగారు (78 ఏళ్ళు), ఐదు నెలల పాప, మేమిద్దరం. ఉన్నది ఒకే ఒక్క స్పేస్ హీటర్. గ్యాస్ ఓవెన్ వెలిగించి తలుపు తీసి ఉంచుదామా అని మా ఆవిడ అడుగుతోంది. ఏం చెయ్యమంటారు?

అంతామనమంచికే | 9:47
ఓవెన్ పెట్టుకోండి, ఏం కాదు. మేం రెండేళ్ళ కిందట రాత్రంతా అలాగే గడిపాం. హాయిగా వెచ్చగా ఉంది.

రాత్రిడ్యూటీ | 9:49
వద్దు. పైవారికి ఏం కాలేదంటే అదృష్టం. గ్యాస్ ఓవెన్ వంటకి, గది వేడికి కాదు. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా, పని చేస్తోందా? ముందు దాని బటన్ నొక్కి చూడండి. ఆ తర్వాతే మిగతా మాటలు.

ముక్కుసూటి | 9:50
అంతామనమంచికే గారి పేరే చెబుతోంది ఆయన సలహా ఎలాంటిదో.

అంతామనమంచికే | 9:53
వంట చేసేటప్పుడు గంటసేపు వెలుగుతుందిగా ఓవెన్, అప్పుడు రాని ప్రమాదం ఇప్పుడెందుకు వస్తుంది? ఊరికే టెన్షన్ పెట్టకండి జనాన్ని.

ఇద్దరాడపిల్లలనాన్న | 10:04
ఈ మాట నేనూ అనేవాణ్ణి. అందుకే రాస్తున్నాను.

నాలుగేళ్ళ కిందట ఇలాంటి రాత్రే కరెంటు పోయింది. పెరట్లో గ్రిల్ మీద బొగ్గులు కాల్చాను. మంట ఆగి, పొగ పోయి, పైన తెల్లటి బూడిద పట్టేదాకా ఆగి మరీ ఆ బొగ్గుల్ని ఇనప గిన్నెలో హాల్లోకి తెచ్చాను. పొగ లేదు కదా అని నా ధీమా. గంటన్నరకి పెద్దది తల నొప్పి అంది. చలికేమో అన్నాను. చిన్నది వాంతి చేసుకుంది. తిన్నది పడలేదేమో అన్నాను. లేచి తువ్వాలు తెద్దామంటే నా కాళ్ళే నా మాట వినలేదు. గోడ పట్టుకుని వెళ్ళి వీధి తలుపు తీశాను. ఎందుకు తీశానో ఇప్పటికీ తెలియదు. బహుశా గాలి కోసమే. ఆస్పత్రిలో నలుగురికీ మాస్కులు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ పొగ లేని నిప్పే మమ్మల్ని చంపబోయింది.

మా ఇంట్లో అప్పుడు అలారం లేదు. ఇప్పుడు మూడున్నాయి.

లెక్కలమాస్టారు | 10:09
కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి రంగు, వాసన ఉండవు. రక్తంలో హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నాక తొందరగా వదలదు. వంటకి గంట వెలిగించడం వేరు, చలికని తలుపులు బిగించి, సందుల్లో గుడ్డలు కుక్కి, రాత్రంతా మండించడం వేరు. గాలి ఆడని చోట మంట సరిగ్గా కాలదు. సరిగ్గా కాలకపోతే తయారయ్యేది ఇదే.

అంతామనమంచికే | 10:12
సరే బాబూ, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇద్దరాడపిల్లలనాన్న గారూ, పిల్లలు ఇప్పుడెలా ఉన్నారు?

ఇద్దరాడపిల్లలనాన్న | 10:13
బాగున్నారు. పెద్దది ప్రతి నెలా ఒకటో తారీఖున అలారం బటన్లు నొక్కి ఇల్లు అదరగొడుతుంది.

వణుకుపురం | 10:15
అలారం ఉంది, నొక్కితే అరిచింది, పాప కూడా అరిచింది. ఓవెన్ ఆలోచన మానేశాం. గది 15కి దిగింది.

పాతపానా | 10:18
నేను పాతికేళ్ళు ఇదే పని చేశాను. ఒక్కొక్కటిగా అడుగుతాను, చెప్పు. థర్మోస్టాట్ బ్యాటరీలు మార్చావా? ఫర్నేస్ పక్కన గోడకి లైటు స్విచ్ లాంటిది ఉంటుంది, అది ఆన్‌లో ఉందా? ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు మార్చావు? ఫర్నేస్ నుంచి బయటికి పోయే గొట్టాలు తెల్లటి ప్లాస్టిక్‌వా, ఇనపవా?

గాలిపటం_27 | 10:21
ఆ స్విచ్ గురించి నవ్వకండి ఎవరూ. మా ఇంట్లో చుట్టాలొకాయన బేస్‌మెంట్ లైటు అనుకుని దాన్ని ఆర్పి పడుకున్నాడు. తెల్లారి మెకానిక్ వచ్చి ఒక్క వేలితో రిపేరు చేశాడు. డబ్బులు మాత్రం పది వేళ్ళతోనూ లెక్కపెట్టుకున్నాడు.

వణుకుపురం | 10:26
బ్యాటరీలు మార్చాను. స్విచ్ ఆన్‌లోనే ఉంది. ఫిల్టర్ రెండు నెలల కిందటిది, మరీ నల్లగా లేదు. గొట్టాలు తెల్లటి ప్లాస్టిక్‌వి, రెండు. పక్క గోడలోంచి బయటికి వెళ్తాయి. తలుపు మీది చిన్న అద్దంలో ఎర్ర లైటు మెరుస్తోంది. లెక్కపెడదామని తలుపు తీస్తే ఆరిపోయింది. అదీ పాడైందా?

పాతపానా | 10:28
హహ. పాడవలేదు. తలుపు తీస్తే కరెంటు ఆగేలా లోపల ఒక బొత్తాం ఉంటుంది. ఎలాగూ తీశావు కదా, ఆ తలుపు వెనక పట్టిక అంటించి ఉంటుంది, దాన్ని ఫొటో తీసుకో. తలుపు పెట్టేసి, అది మళ్ళీ ఆగిపోయాక అద్దంలోంచే ఎన్నిసార్లు మెరుస్తుందో లెక్కపెట్టు. కంపెనీని బట్టి లెక్క మారుతుంది, అందుకే నీ పట్టికే చూడాలి.

వణుకుపురం | 10:37
మూడుసార్లు మెరిసి, ఆగి, మళ్ళీ మూడు. పట్టికలో మూడుకి ప్రెషర్ స్విచ్ తెరుచుకుని ఉంది అని రాసుంది. ఇదెక్కడ దొరుకుతుంది, మార్చాలా?

పాతపానా | 10:41
ఏదీ మార్చొద్దు. నూటికి తొంభై అది పాడై ఉండదు. కాలిన గాలి బయటికి సాఫీగా పోవట్లేదని అది చెబుతోంది. గొట్టం మూసుకుపోతే ఆ గాలి ఇంట్లోకి రాకూడదని మంటే వెలగనివ్వదు. అంటే పైన అంతసేపు మాట్లాడుకున్నారే, ఆ ప్రమాదం నుంచే మిమ్మల్ని కాపాడుతోంది. అడ్డదారి పట్టించడానికి దాన్ని వైరుతో కలపడాలు, గట్రా చేయకు. యూట్యూబ్‌లో ఎవడో ఒకడు చెబుతాడు.

గొట్టాలు గోడ బయటికి వచ్చే చోటికి వెళ్ళి చూడు. గాలికి మంచు ఆ గోడకే ఎగదోసి ఉంటుంది.

నిదానం | 10:43
బయటికి ఒక్కడివే వెళ్ళకు. ఆవిణ్ణి కిటికీలోంచి టార్చి పట్టమను. ఫోన్ చొక్కా లోపలి జేబులో పెట్టుకో, చలికి బ్యాటరీ పడిపోతుంది.

మూడోఅంతస్తు | 10:44
రెండు పెగ్గులు వేసుకుని వెళితే చలి తెలియదు 😄

రాత్రిడ్యూటీ | 10:46
చలి తెలియకపోవడమే ప్రమాదం. మందు తాగితే చర్మం దగ్గరి రక్తనాళాలు వెడల్పవుతాయి. ఒంటికి వెచ్చగా అనిపిస్తుంది, నిజానికి లోపలి వేడంతా బయటికి పోతుంటుంది. సరదాకి కూడా చెప్పకండి, చదివేవాళ్ళలో ఎవరో ఒకరు చేస్తారు.

మూడోఅంతస్తు | 10:47
అర్థమైంది సిస్టర్. గ్లాసు పక్కన పెట్టేశాను.

వణుకుపురం | 11:22
వచ్చాను. చేతులు ఇంకా సరిగ్గా టైపు చేయట్లేదు.

మంచు నా నడుము దాకా ఉంది అక్కడ. గొట్టాలు ఎక్కడున్నాయో ఆనవాలు లేదు. అడ్డదిడ్డంగా తవ్వితే పగులుతాయని పార పక్కన పెట్టి, చివర్లో చేతులతోనే తీశాను. ఒక గొట్టం మూతికి కోడిగుడ్డంత మంచుగడ్డ, లోపలి వైపు నున్నగా, గాజులా ఉంది. రెండో గొట్టంలో పొడి మంచు కుక్కినట్టుంది. రెండూ తీసి, చుట్టూ బారెడు మేర ఖాళీ చేశాను. లోపలికి వచ్చి స్విచ్ ఆర్పి, నిమిషం ఆగి వేశాను. ముందు చిన్న ఫ్యాను కూతలా మొదలైంది. టిక్కుమంది. ఏదో నారింజ రంగులో ఎర్రబడింది. ఇంకో టిక్కు. భగ్గుమని నీలి మంటలు వరసగా వెలిగాయి. మేమిద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఓ అర నిమిషానికి పెద్ద ఫ్యాను తిరిగింది. మా ఆవిడ గోడ రంధ్రం దగ్గర చెయ్యి పెట్టి ఏడ్చినంత పని చేసింది.

పాతపానా గారూ, మీ చెయ్యి చల్లగా ఉండాలి. ఈ పూటకి మాత్రం వెచ్చగా ఉండాలి.

పాతపానా | 11:25
శభాష్. గాలి ఆగేదాకా రెండు గంటలకోసారి చూస్తూ ఉండు, మళ్ళీ పూడుకుపోతుంది.

గాలిపటం_27 | 11:31
ఇదే చర్చలో నాదీ ఒకటి అడగొచ్చా. మాది హీట్ పంప్, అంటే ఏసీని తిరగేసినట్టు బయటి గాలిలోని వేడిని లోపలికి లాగేది. బయటి యూనిట్ నుంచి తెల్లగా పొగ వస్తోంది, ఫ్యాను ఆగిపోయింది, పైగా బుస్సుమని శబ్దం. కాలిపోతోందా?

పాతపానా | 11:34
అది పొగ కాదు, ఆవిరి. పట్టిన మంచుని అదే కరిగించుకుంటోంది. పది పదిహేను నిమిషాల్లో మామూలవుతుంది. చుట్టూ, పైనా మంచు పేరుకోకుండా చూసుకో. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, ఆ రేకులు కాగితంలా ఉంటాయి. గంటలు గడిచినా మొత్తం గడ్డకట్టే ఉంటే అప్పుడు థర్మోస్టాట్‌లో ఎమర్జెన్సీ హీట్ (పంపుని పక్కనపెట్టి మామూలు హీటర్‌లా కరెంటుతో వేడి చేసేది) పెట్టుకో. కరెంటు బిల్లు చూసి నన్ను తిట్టుకోకు.

వణుకుపురం | తెల్లవారుజాము 3:48
మళ్ళీ ఆగిపోయింది. మళ్ళీ మూడే. బయటికి వెళ్ళి చూశాను, గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి. కానీ ఫర్నేస్ లోపల ఎవరో పుక్కిలిస్తున్నట్టు గుడగుడ శబ్దం. ఇల్లు 17. ఎవరైనా మేలుకుని ఉన్నారా?

రాత్రిడ్యూటీ | 3:50
నా పేరు చూశారుగా. పాతపానా గారు వచ్చేలోగా ఒక గదిలోకి చేరండి. అన్నిటికన్నా చిన్న గది, కిటికీలు తక్కువ ఉన్నది. తలుపు కింద తువ్వాలు పెట్టండి, కిటికీకి దుప్పటి కట్టండి. స్పేస్ హీటర్ ప్లగ్ నేరుగా గోడకే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కాదు. దాని చుట్టూ మీటరు దూరం దాకా పరుపు, గుడ్డ, కర్టెన్ ఏదీ ఉండకూడదు. ఒక పెద్దవారు మేలుకుని ఉన్నంతసేపే వెలగాలి. అందరూ పడుకునేట్టయితే ఆర్పేయండి.

పాపకి వదులు దుప్పట్లు కప్పొద్దు, ముఖం మీదికి జారుతాయి. ఒంటికి అంటిపెట్టుకునే బట్టలు రెండు మూడు పొరలు వేయండి. మేలుకుని ఉన్నవాళ్ళు ఎవరైనా గుండెలకి ఆనించి పట్టుకోండి. పాప పొట్ట, మెడ వెనక భాగం ముట్టుకుని చూడండి. చేతులు చల్లగా ఉండటం మామూలే, పొట్ట చల్లబడితే మాత్రం ఆలోచించాలి.

లెక్కలమాస్టారు | 3:58
వయసు మీద పడ్డాక నిద్ర ఎక్కడిది, మేలుకునే ఉన్నాను. గదిలో టెంటు ఉంటే వేయండి. లేదంటే బల్ల మీదుగా దుప్పటి పరిచి కింద పరుపు వేయండి. ఊరికే కూర్చున్న మనిషి దాదాపు 100 వాట్ల వేడి వదులుతాడు. పెద్దవాళ్ళు ముగ్గురు దగ్గరగా చేరితే 300 వాట్లు. హాల్లో అది ఏ మూలకీ రాదు, టెంటులో తేడా తెలుస్తుంది. హీటర్ మాత్రం టెంటు లోపల పెట్టకండి, కొవ్వొత్తి అంతకన్నా వద్దు.

ముక్కుసూటి | 4:02
అంటే మామయ్యగారు వంద వాట్ల బల్బు. పెళ్ళిచూపుల్లో చెప్పి ఉంటే బాగుండేది.

వణుకుపురం | 4:06
పిల్లల ఆట టెంటు ఉంది, వేశాం. మామయ్యగారు 'నాకేం చలి లేదు' అని స్వెటర్ కూడా వద్దంటున్నారు. నిజంగానే వణకట్లేదు.

రాత్రిడ్యూటీ | 4:08
పెద్దవాళ్ళకి చలి పుట్టినంతగా తెలియదు, ఆ మాట నమ్మకండి. ఒంటి వేడి 35 కన్నా తగ్గితే హైపోథెర్మియా. అప్పుడు కొందరికి వణుకు ఆగిపోతుంది కూడా. థర్మామీటర్ పెట్టండి. మాట ముద్దగా వస్తోందా? గుండీ పెట్టుకోమంటే వేళ్ళు తడబడుతున్నాయా? ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడుతున్నారా? వీటిలో ఏది కనిపించినా మెకానిక్ కోసం కాదు, అంబులెన్స్ కోసం ఫోన్ చేయండి.

వణుకుపురం | 4:15
36.4. స్వెటర్ గుండీలు ఐదూ చకచకా పెట్టి 'పరీక్ష పాసయ్యానా' అని అడిగారు. మాట స్పష్టంగానే ఉంది, కాస్త ఎక్కువగానే ఉంది.

పాతపానా | 4:19
గుడగుడ అన్నావు చూడు, అక్కడే దొరికింది. నీ రకం ఫర్నేస్‌లో మంట వేడిని చివరిదాకా పిండుకోవడం వల్ల లోపల నీళ్ళు కారుతాయి. ఆ నీళ్ళు పోయే సన్న గొట్టం ఎటు వెళ్తుందో చూడు. ఎక్కడో చల్లటి చోట గడ్డకట్టి ఉంటుంది. నీళ్ళు వెనక్కి ఎగదన్నితే అదే స్విచ్, అదే మూడు మెరుపులు.

వణుకుపురం | 4:27
గ్యారేజీ గోడ వెంబడి వెళ్తోంది. ముట్టుకుంటే ఇనపకడ్డీలా బిగుసుకుపోయింది.

పాతపానా | 4:30
అదే. సలసలా కాగే నీళ్ళు పోయకు, ప్లాస్టిక్ పగులుతుంది. హెయిర్ డ్రయ్యర్ పెట్టు, లేదా గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన గుడ్డలు చుట్టు. నీళ్ళు పోయే చివరి నుంచి మొదలుపెట్టి వెనక్కి రా. అది కుదరకపోతే ఫర్నేస్ పక్కన వంపు తిరిగిన ట్రాప్ ఉంటుంది కదా, దాన్ని కదపకుండా, దాని తర్వాతి గొట్టం విప్పి బకెట్‌లో పెట్టు. తాత్కాలికమే. ఆగకుండా నడిస్తే గంటకి లీటరు పైనే రావచ్చు, నిండకుండా చూసుకో.

నిదానం | 4:33
ఇంకోటి. గోడల్లోని నీళ్ళ పైపుల సంగతి చూశారా? వంటింటి సింకు బయటి గోడకి ఉంటే కింది అల్మరా తలుపులు తీసి పెట్టండి. కుళాయి సన్నటి ధారగా వదలండి.

ముక్కుసూటి | 4:36
రాత్రంతా నీళ్ళు వృథా చేయమని సలహానా? పారే నీళ్ళు గడ్డకట్టవన్నది పాత నమ్మకం. నదులు గడ్డకట్టట్లేదా?

లెక్కలమాస్టారు | 4:41
గడ్డకడతాయి, అది ఒప్పుకుంటాను. ధార వదిలేది అందుకు మాత్రమే కాదు. నీరు మంచైతే 9 శాతం దాకా ఉబ్బుతుంది. పైపు సాధారణంగా పగిలేది గడ్డ ఉన్నచోట కాదు, గడ్డకీ మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీటి ఒత్తిడికి. కుళాయి కాస్త తెరిచి ఉంటే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. నాలుగు బకెట్ల నీళ్ళు పోతే పోనీ, గోడ పగలగొట్టే ఖర్చు కన్నా నయం.

ముక్కుసూటి | 4:43
ఇది ఎవరూ ఇన్నాళ్ళూ చెప్పలేదు. ధార కింద బకెట్ పెట్టుకుంటాను, టాయిలెట్‌కి పనికొస్తాయి.

నిదానం | 4:44
మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇప్పుడే చూసి, తిరుగుతోందో లేదో పరీక్షించుకోండి. మా ఇంట్లో నీళ్ళు పైకప్పు నుంచి కురుస్తుంటే అట్టపెట్టెల వెనక దాన్ని వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

వణుకుపురం | 5:20
బకెట్ దారే పట్టాను. గొట్టం విప్పగానే ముంజేతి మీదుగా చల్లటి నీళ్ళు, చొక్కా తడిసింది, తర్వాత ఫర్నేస్ వెలిగింది. చొక్కా మార్చుకుని బకెట్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇదే ఇవాళ్టి ఉద్యోగం.

వణుకుపురం | రాత్రి 8:10
మెకానిక్ ఏడింటికి వచ్చాడు. సన్న గొట్టం గ్యారేజీలోంచి తప్పించి బేస్‌మెంట్ డ్రెయిన్‌లోకి తిప్పాడు. గోడ బయటి గొట్టాలకి వంపులు పెట్టి ఇంకాస్త ఎత్తుకి లేపుతానన్నాడు, మంచు కరిగాక. బకెట్ చూసి 'ఎవరు చెప్పారు?' అని అడిగాడు. పాతపానా అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. వంటింటి కుళాయి మధ్యాహ్నం ఓ గంట మొరాయించింది, తెరిచే ఉంచి డ్రయ్యర్ పెడితే దారికొచ్చింది. ఇల్లు 21. మామయ్యగారు మాత్రం టెంటు తీయనివ్వట్లేదు, మనవరాలితో ఇవాళ కూడా అందులోనే పడుకుంటారట.

రాత్రిడ్యూటీ | 8:14
ఆయన్ని పడుకోనివ్వండి. పాపని తన ఉయ్యాలలో పడుకోబెట్టండి.

కొత్తసభ్యుడు_5 | 9:02
అందరి పోస్టులూ చదివాను. మాదీ ఇప్పుడే ఆగిపోయింది. మా దానికి లైటే వెలగట్లేదు. మూడూ లేదు, నాలుగూ లేదు. ఏం చేయాలి?

పాతపానా | 9:03
గోడ మీది స్విచ్.

కొత్తసభ్యుడు_5 | 9:06
...మా అత్తగారు బేస్‌మెంట్ లైటు అనుకున్నారట.